బరువు ఒకటే, భారం వేరు

మీటరు పొడవు, మీటరు వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు పలకను మీ ఎదుట పెట్టి, ఎంత బరువుంటుందో చెప్పమంటే ఏం చెబుతారు? పాతిక కిలోలా? ముప్ఫైయా? చూపుకు అది భోజనాల బల్ల పైచెక్క కన్నా పలుచన. సరే, లెక్క కడదాం. దాని ఘనపరిమాణం 10,000 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు. అంటే పలక బరువు 78 కిలోల 500 గ్రాములు! అదే కొలతల టేకు చెక్క ఆరేడు కిలోలే తూగుతుంది.

లోహాలతో పనిచేసే చోట కన్ను ఇలాగే మోసం చేస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి పెద్ద చోట్ల ఇలాంటి బరువులను ఎక్కువగా క్రేన్లే ఎత్తుతాయి. చిన్న ఫాబ్రికేషన్ షెడ్లలో, లేతు వర్కుషాపుల్లో మాత్రం చాలాసార్లు మనిషి చేతులే క్రేన్లు. మీలో కొందరు పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరో, వెల్డరో కోర్సులో చేరతారు. నా దగ్గర చదువుకుని అలా వెళ్ళినవారిలో ముప్ఫై ఏళ్ళకే నడుము పట్టుకుని నడిచేవాళ్ళను చూశాను. వాళ్ళెవరూ బలహీనులు కారు.

మరి వాళ్ళ నడుములు ఎందుకు దెబ్బతిన్నాయి?

తులాదండం సూత్రం మీకు తెలిసిందే. గడ్డపలుగుతో బండను కదిలించేటప్పుడు మనం పట్టుకునే వైపు పొడవుగానూ, బండవైపు పొట్టిగానూ ఉంచుకుంటాం. అందువల్ల కొద్ది బలంతోనే పని జరుగుతుంది. మన నడుములో ఉన్నది కూడా తులాదండమే, కాని తిరగబడినది! వెన్నెముక అడుగున ఉన్న కీలు దానికి ఆధార బిందువు. వీపు కండరాలు ఆ కీలుకు ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉండి లాగాలి. ఎత్తే వస్తువేమో ఎంతో దూరాన ఉంటుంది.

60 కిలోల మనిషి ముందుకు వంగి 20 కిలోల ఇనుప దిమ్మను ఎత్తుతున్నాడనుకోండి. నడుముకు పైనున్న అతని శరీరమే సుమారు 36 కిలోలు. వంగినప్పుడు దాని గురుత్వ కేంద్రం కీలుకు 25 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. దిమ్మ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. రెండు భ్రామకాలు కూడితే 900, 800 కలిసి 1,700. దీన్ని 5తో భాగిస్తే 340. అంటే 20 కిలోల దిమ్మ కోసం వీపు కండరాలు 340 కిలోల బలంతో లాగాలి! (బలాన్ని న్యూటన్లలో చెప్పాలని మీ మాస్టారు అంటారు, అది నిజమే. తేలికగా పోల్చుకోవడానికి కిలోలలో చెబుతున్నాను.) అదే మనిషి నిటారుగా నిలబడి, దిమ్మను కీలుకు 20 సెంటీమీటర్ల దూరంలో పొట్టకు ఆనించి పట్టుకుంటే, శరీర భారం 5 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. అప్పుడు లెక్క 116 కిలోలే వస్తుంది. దిమ్మ మారలేదు, దూరం మారింది.

కండరాలు లాగిన ఆ బలమంతా వెన్నుపూసల మధ్యనున్న డిస్కు అనే బిళ్ళను నొక్కుతుంది. దాని పైవలయాలు నారలతో గట్టిగా ఉంటాయి. లోపల జిగురులాంటి పదార్థం ఉంటుంది. వంగినప్పుడు బిళ్ళ ముందువైపు నలిగి, జిగురు వెనక్కు ఒత్తుకొస్తుంది. కాళ్ళకు పోయే నాడులు ఉన్నది అటువైపే. అసలు చిక్కు ఏమిటంటే, డిస్కు లోపలి భాగంలో నొప్పి తెలిపే నాడులు లేవు. నారలు ఒక్కొక్కటే చిట్లుతున్నా మనిషికి తెలియదు. ఎన్నో ఏళ్ళు ఎత్తిన బరువుల ఫలితం ఒక రోజు చిన్న రెంచీ కోసం వంగినప్పుడు బయటపడుతుంది. పిరుదు నుండి పిక్క దాకా తీగలాగినట్లు నొప్పి పుడుతుంది. డిస్కు లోపలికి రక్తనాళాలు కూడా లేవు కనుక అది మానడం కష్టం.

అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1981లో ఈ ఒత్తిడికి 3,400 న్యూటన్లను, అంటే సుమారు 350 కిలోలను, హద్దుగా తీసుకుంది. మన లెక్కలో కండరాల లాగుడు ఒక్కటే 340. దానికి దిమ్మ బరువు, శరీరం బరువు కొంత కలిస్తే హద్దు దాటినట్లే. అదే సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నా ఎత్తదగిన బరువు 23 కిలోలు. అదీ వస్తువు చీలమండలకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే. 50 సెంటీమీటర్లయితే అనుమతి సగానికి, 11.5 కిలోలకు పడిపోతుంది.

"మోకాళ్ళు వంచి ఎత్తండి" అని గోడల మీద రాస్తారు. ఆ మాట సగమే నిజం. వస్తువు మోకాళ్ళ మధ్య పట్టేంత చిన్నదైతే సరే. వెడల్పాటి పలకకు మోకాళ్ళే అడ్డొచ్చి దాన్ని ఇంకా దూరంగా నెడతాయి. అలాంటప్పుడు నేలమీద నుండి ఎత్తే అవసరం లేకుండా నడుమెత్తు బల్లమీద పేర్చడమో, చెయిన్ పుల్లీ వాడడమో మేలు. ఇక నడుముకు బిగించే బెల్టు ఆరోగ్యవంతుడైన కార్మికుణ్ణి కాపాడుతుందనడానికి తగిన ఆధారాలు లేవని ఆ సంస్థే 1994లో చెప్పింది.

బరువులు చేసే హాని నడుముతో ఆగదు. పలకను దించేటప్పుడు వేళ్ళు కింద చిక్కుకుంటాయి. కోసిన అంచు బ్లేడులా తెగుతుంది. చీల పెట్టని గొట్టాల పేర్పు దొర్లుతుంది. క్రేనుకు వేలాడుతున్న రెండు టన్నుల దూలం మెల్లగానే ఊగుతున్నా, దాన్ని అరచేత్తో ఆపబోతే జడత్వం ముందు చేయి చాలదు. గోడకూ దూలానికీ మధ్య నిలబడినవాడికి తప్పుకునే చోటుండదు.

క్రేను గొలుసులోనూ పాత లెక్కే వేరే వేషంలో కనబడుతుంది. వెయ్యి కిలోల దూలాన్ని రెండు గొలుసులతో ఎత్తితే ఒక్కొక్కదానిపై 500 పడుతుందనుకుంటాం. గొలుసులు నిలువుగా ఉంటేనే అది నిజం. నేలకు సమాంతరంగా ఉన్న రేఖతో అవి 60 డిగ్రీల కోణం చేస్తే ఒక్కొక్కదానిలో తన్యత 577 కిలోలు, 45 డిగ్రీలయితే 707. కోణం 30కి తగ్గితే ఒక్కొక్క గొలుసూ వెయ్యి కిలోలు మోయాలి! 15 డిగ్రీల దగ్గర 1,930 దాటుతుంది. పొట్టి గొలుసుతో పొడవాటి దూలాన్ని ఎత్తబోయినప్పుడు గొలుసు తెగడానికి ఒక కారణం ఇదే.

దీన్ని మీ బడి ప్రయోగశాలలోనే చూడవచ్చు. రెండు స్ప్రింగు త్రాసులు, ఒక దారం, కిలో తూకపురాయి చాలు. రాయిని దారం మధ్యలో కట్టి, రెండు కొసలనూ త్రాసులకు తగిలించి, ఇద్దరు పట్టుకుని మెల్లగా ఎడంగా జరగండి. త్రాసుల ముళ్ళు చూస్తూ ఉండండి. రాయి కింద కాళ్ళు పెట్టకండి. ఎంత లాగినా దారం పూర్తిగా సమతలంగా మాత్రం రాదు. ఎందుకు రాదో కాగితం మీద లెక్క కట్టి చూడండి.