స్టీరింగు కన్నా ముందు బ్రేకు

పొద్దున్న ఆరున్నర. డ్రైవింగ్ శిక్షణ కేంద్రం మైదానంలో పది టైర్ల లారీ ఆగి ఉంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు హుషారుగా క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టాడు. రెండేళ్లుగా కారు నడుపుతున్నాడు... ఇదెంతలే అన్న ధీమా!

‘దిగు బాబూ. ముందు బండి చుట్టూ ఓసారి తిరిగిరా’ అన్నారు శిక్షకుడు.

తిరిగొచ్చాడు.

‘ఏం చూశావ్?’

‘అంతా బాగానే ఉంది సార్’

‘ఎడమ వైపు వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంది. కనిపించలేదా?’

కనిపించలేదు. మళ్లీ తిరిగాడు. టైర్లు, నట్లు, లైట్లు, ఆయిల్, నీళ్లు, కింద ఏమైనా కారుతోందా... అన్నీ చూసేసరికి గంట గడిచింది. మొదటిరోజు స్టీరింగు పట్టుకోనేలేదు.

లారీ డ్రైవరు కావాలని వచ్చేవారికి అందే తొలి పాఠం ఇదే. పూర్తి లోడుతో పది టైర్ల లారీ మొత్తం బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. 2018కి ముందు ఆ పరిమితి 25 టన్నులే. అంత బరువును కదిలించే పని ఇంజిన్ చూసుకుంటుంది. సరైన చోట ఆపాల్సింది మాత్రం డ్రైవరే!

క్లీనరు బడి

ఒకప్పుడు ఈ చదువుకు మైదానం, పుస్తకం, పరీక్ష ఏవీ లేవు. లారీయే బడి. మీసాలు రాని వయసులో క్లీనరుగా ఎక్కేవారు. అద్దాలు తుడవడం, టైర్లను రాడ్డుతో కొట్టి చప్పుడును బట్టి గాలి ఎంతుందో చెప్పడం, లోడు మీద పట్టా కప్పి తాళ్లు బిగించడం, రోడ్డు పక్కన స్టవ్ వెలిగించి అన్నం వండటం... అన్నీ వాళ్ల పనే. ‘రానీ... రానీ... హోల్డాన్’ అంటూ రివర్సు చేయించేదీ వాళ్లే. కొన్నేళ్లు చాకిరీ చేశాక, గురువుకి దయ కలిగితే అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికొచ్చేది.

ఆ బడి మంచే నేర్పింది. ఇంజిన్ చప్పుడులో తేడాను పట్టుకోవడం, దారిలో చెడిపోతే తోచిన మరమ్మతు చేసుకోవడం, ఏ వేళలో ఎక్కడ బండి ఆపుకోవచ్చో తెలుసుకోవడం అక్కడే వచ్చాయి. చెడునూ అంతే శ్రద్ధగా నేర్పింది. డీజిల్ మిగలాలంటే దిగుడులో న్యూట్రల్ చెయ్యమంది. లోడు ఎక్కువైనా ఫర్వాలేదంది. రెండు రాత్రులు నిద్రపోనివాడే మొనగాడంది.

ఇప్పుడు ఆ బడీ మూతపడుతోంది. చాలా లారీల్లో క్లీనరు కనిపించడు. ఖర్చు తగ్గించుకోవడానికి డ్రైవరు ఒక్కడితోనే బండి పంపిస్తున్నారు. దాంతో గురువు పక్కన కూర్చుని నేర్చుకునే దారి మూసుకుపోయింది. మరి కొత్త డ్రైవరు ఎక్కడ తయారవ్వాలి?

ఒక్కో మెట్టూ ఎక్కాలి

చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండగానే లారీ పట్టుకోవడం కుదరదు. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు తీసుకుని కనీసం ఏడాది కావాలి. అప్పుడే భారీ వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు. దాంతోపాటు వైద్య ధ్రువపత్రం, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ పత్రం ఉండాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో ఎత్తేశారు. చదువు మధ్యలో ఆపేసినవారికి అదో పెద్ద ఊరట.

చిన్న సరుకు బండ్ల సంగతి వేరు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. పెట్రోలు, గ్యాస్, రసాయనాల్లాంటి ప్రమాదకరమైన సరుకు తీసుకెళ్లాలంటే మాత్రం మామూలు లైసెన్సు చాలదు, ప్రత్యేక శిక్షణ పొందాలి. మామూలు రవాణా లైసెన్సు అయిదేళ్లు చెల్లుతుంది. ఈ ప్రత్యేక అనుమతికి గడువు మూడేళ్లే.

భారీ వాహనానికి శిక్షణ కనీసం 30 రోజులు, అందులో 15 గంటలు స్వయంగా నడపాలన్నది పాత నియమం. అంటే రోజుకు అరగంట! ఆ అరగంట కూడా లేకుండా కాగితం చేతికిచ్చే చోట్లూ లేకపోలేదు. అలా వచ్చిన పత్రం లైసెన్సు తెచ్చిపెట్టొచ్చు కానీ, ఘాట్ రోడ్డులో అక్కరకు రాదు.

ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం తెచ్చింది. వీటిలో భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు ఉంటుంది. సిమ్యులేటర్, ప్రత్యేక ట్రాక్ తప్పనిసరి. ఇక్కడ ఉత్తీర్ణులైతే రవాణా శాఖ దగ్గర మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వనక్కర్లేదు. లారీల ఊరుగా పేరున్న తమిళనాడులోని నామక్కల్‌లో అశోక్ లేలాండ్ ఎప్పట్నుంచో డ్రైవర్లను తయారు చేస్తోంది. అదే సంస్థ భాగస్వామ్యంతో మన రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలోనూ శిక్షణ సంస్థ ఏర్పాటైంది.

గాలి... గేరు... ఘాట్

కారు నడిపిన చేతులకు లారీలో అన్నీ కొత్తే. బ్రేకులు పనిచేసేది గాలితో. ట్యాంకుల్లో చాలినంత పీడనం చేరేదాకా బండి కదపకూడదు. బ్రేకును మాటిమాటికీ తొక్కి వదిలితే ఆ గాలి ఖర్చయిపోతుంది. దిగుడులో బ్రేకునే నమ్ముకుంటే డ్రమ్ములు కాలిపోయి, తొక్కినా పట్టని పరిస్థితి వస్తుంది. అందుకే ‘ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు’ అని చెబుతారు. చిన్న గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే ఆ పట్టు పోతుంది. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్‌లలో నాలుగు చుక్కల డీజిల్ కోసం పోగొట్టుకునేది అదే!

దూరం లెక్క కూడా నేర్పిస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని గ్రహించి, కాలు బ్రేకు మీదకు చేరడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే బండి 33 మీటర్లు వెళ్లిపోతుంది. ఆగడానికి పట్టే దూరం ఆ తర్వాత మొదలవుతుంది.

మరో పాఠం కుర్రాడికి చెమటలు పట్టించింది. అతణ్ని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, తోటివారు అయిదుగురు లారీ చుట్టూ నిలబడ్డారు. ‘ఎంతమంది?’ అనడిగితే అద్దాలన్నీ చూసి ‘ఇద్దరు’ అన్నాడు. ఒకరు బంపరుకు ఆనుకుని, ఒకరు ఎడమ తలుపు కింద, ఒకరు సరిగ్గా బండి వెనక ఉన్నారు. ‘కనిపించని ఆ ముగ్గురూ రేపు స్కూటరు మీద ఉంటారు’ అన్నారు శిక్షకుడు. మలుపులో లారీ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమ పక్కగా దూరే ద్విచక్రవాహనం నలిగేది అక్కడే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు పోయాయి.

ఇంట్లోవాళ్లకూ తెలియాలి

బండి ఆపడం ఒక ఎత్తు, నిద్ర వస్తోందని తనను తాను ఆపుకోవడం మరో ఎత్తు. మోటారు రవాణా కార్మికుల పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని 1961 నాటి చట్టమే చెప్పింది. కానీ సరుకు వేళకు చేరాలన్న తొందర, ట్రిప్పు లెక్కన వచ్చే బత్తా డ్రైవరును నిద్రపోనివ్వవు. మంచి శిక్షకులు అందుకే ‘కునుకు పట్టిందంటే టీ తాగడం కాదు, పక్కకు తీసి పడుకోవడమే మందు’ అని నూరిపోస్తారు. 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన బండ్లకు ఈ నిబంధన వర్తిస్తుంది. ఎండలో ఇంజిన్ వేడికి ఉడికిపోయిన వృత్తికి అది చిన్న మర్యాదేమీ కాదు.

అయినా లారీ డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్లున్నాయి. ఈ కుర్రాడి తండ్రీ లారీ నడిపినవాడే. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. క్లీనరుగా మొదలై నేర్చుకున్న ఆ తండ్రికి కొడుకు మైదానంలో పాఠాలు వినడం మొదట్లో నవ్వు తెప్పించింది. రోజూ రాత్రి ఫోన్‌లో ‘గేర్లు పడుతున్నాయా?’ అని అడిగేవాడు.

ఆరో వారం. లారీ దగ్గరకొచ్చిన కుర్రాడు క్యాబిన్ వైపు చూడలేదు. ఎవరూ చెప్పకుండానే బండి చుట్టూ తిరిగాడు. వంగి జంట టైర్ల మధ్య చూశాడు. అప్పుడు ఎక్కాడు. తెల్లగీత దగ్గర బండి కుదుపు లేకుండా ఆగింది.

ఆ రాత్రి తండ్రి మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

‘గేర్లు పడుతున్నాయి నాన్నా. బండి నేననుకున్న చోట ఆగుతోంది’ అన్నాడు కొడుకు.

అవతల ఒక్క క్షణం మౌనం. ‘అయితే ఇక ఫర్వాలేదురా’ అన్నాడు ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన ఆ తండ్రి.