టేపుల్లో నిలిచిన పోరు గాథలు

తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటంపై పుస్తకాలకు కొదవ లేదు. అయితే 1946 నుంచి 1951 వరకు సాగిన ఆ పోరులో స్త్రీలు ఏమి చేశారో, ఏమి భరించారో వారి నోటనే వినే అవకాశం చాలాకాలం లేకపోయింది. నాయకుల రచనల్లో వారి ప్రస్తావన స్వల్పమే.

ఈ లోటును గుర్తించిన హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆనాటి స్త్రీలను కలిసి, వారితో జరిపిన సంభాషణలను టేపుల్లో నమోదు చేశారు. అవే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ గ్రంథంగా వెలువడ్డాయి. 1989లో ఆంగ్లంలోనూ వచ్చాయి.

సభల్లో చెప్పే వీరగాథలకూ వీటికీ తేడా ఉంది. అజ్ఞాతంలో కన్నబిడ్డను పరులకు అప్పగించిన కమలమ్మ వేదన ఇందులో ఉంది. పోరాటం విరమించాక ‘ఇక ఇళ్లకు వెళ్లండి’ అన్న తీరుపై పలువురి ఆవేదనా ఉంది. పార్టీ చరిత్రల్లో ఇటువంటి మాటలకు చోటెక్కడిది?

విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను దక్కించుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ కథనమూ అందులో ఉంది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె లేరు. 1985 సెప్టెంబరు 10న కన్నుమూశారు. కొద్దికాలం ఆలస్యమైతే ఆ గొంతు దక్కేదే కాదు. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు.

ఆ సంభాషణల్లో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 2019లో ‘నా మాటే తుపాకీ తూటా’ను సైతం నోటితో చెప్పే రాయించారు. ఆమె 2022 మార్చి 19న మరణించారు.