సరిహద్దు ప్రయాణికులకు ఇంధన వ్యయం: పొదుపు ధరలోనా, ప్రయాణంలోనా?

అనంతపురం: దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో అనంతపురం పీఠభూమి ఒకటి. ఇక్కడి వార్షిక సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరాలలో వ్యవసాయ కుటుంబాలు కూలి పనులకు, ఫ్యాక్టరీ ఉద్యోగాలకు కర్ణాటక వైపు వెళ్లడం ఇక్కడ దశాబ్దాలుగా ఉన్నదే. హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంకకు, రాయదుర్గం, గుంతకల్లు నుంచి బళ్లారికి, మడకశిర నుంచి పావగడ, శిర పట్టణాలకు ప్రతిదినం రాకపోకలు సాగుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, మడకశిర, పెనుకొండ ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. మడకశిర ప్రాంతాన్ని కర్ణాటక, పావగడ ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్ మూడు వైపులా చుట్టి ఉండడం వలన ఈ ప్రజలకు సరిహద్దు దాటడం నిత్యకృత్యం.

ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే కార్మికునికి పెట్రోలు ఖర్చు నేరుగా ఆ నాటి కూలిలో నుంచే తరుగుతుంది. సరిహద్దు దాటి ఇంధనం నింపుకుంటే చాలు, ఖర్చు గణనీయంగా తగ్గుతుందనే అభిప్రాయం ఈ ప్రాంతంలో బలంగా ఉన్నది. ఇందులో నిజమెంత అన్నది లెక్క వేసి చూడవలసి ఉన్నది.

ధరలలో తేడా ఎందువలన?

పెట్రోలు, డీజిల్ జి.ఎస్.టి. పరిధిలోకి రాలేదు. రాజ్యాంగంలోని 279ఎ అధికరణం ప్రకారం జి.ఎస్.టి. కౌన్సిల్ సిఫారసు చేసే తేదీ నుంచి మాత్రమే అవి ఆ పన్ను కిందకు వస్తాయి. అందువలన కేంద్ర ఎక్సైజ్ సుంకానికి తోడు ప్రతి రాష్ట్రం తన అమ్మకపు పన్నును తానే నిర్ణయించుకుంటున్నది.

2025 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్ అమలులో ఉన్నది. దీనికి అదనంగా రెండింటిపైనా లీటరుకు రూ.4 అదనపు వ్యాట్, రూ.1 రహదారి అభివృద్ధి సెస్సు ఉన్నాయి. కర్ణాటకలో 2024 జూన్ 15న పెట్రోలుపై పన్ను 25.92 శాతం నుంచి 29.84 శాతానికి పెరిగింది. డీజిల్‌పై పన్ను అదే రోజున 18.44 శాతానికి, 2025 ఏప్రిల్ 1న 21.17 శాతానికి చేరింది.

ఆ ఏప్రిల్ పెంపు తరువాత బెంగుళూరులో లీటరు డీజిల్ ధర రూ.91.02 కాగా, కర్ణాటక ప్రభుత్వం అప్పుడు విడుదల చేసిన పోలికలో అనంతపురం ధర రూ.97.35గా ఉన్నది. రాష్ట్రాల పన్నులను మినహాయిస్తే రెండు చోట్లా లీటరు ధర సుమారు రూ.75 మాత్రమే. అనగా తేడా దాదాపు పూర్తిగా పన్ను వలన ఏర్పడినదే. నాణ్యతలో తేడా లేదు. భారత్ స్టేజ్-6 ప్రమాణం 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే విధంగా అమలవుతున్నది.

2024 జూన్‌కు ముందు డీజిల్‌పై ఈ తేడా రూ.10కి పైగా ఉండేది. తరువాత అది సుమారు రూ.6కు తగ్గింది. ఈ తేడా శాశ్వతం కాదనీ, ఏ ఒక్క ప్రభుత్వ నిర్ణయంతోనైనా మారవచ్చుననీ దీనివలన స్పష్టమవుతున్నది.

కేవలం ఇంధనం కొరకు ప్రయాణం నష్టమే

లీటరుకు రూ.6 తేడా ఉన్నదనుకుందాము. మోటారు సైకిల్‌లో 8 లీటర్లు నింపితే మిగిలేది రూ.48. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే ఆ వాహనంపై హిందూపురం నుంచి గౌరిబిదనూరుకు వెళ్లి రావడానికి, రానుపోను సుమారు 50 కిలోమీటర్లు, ఒక లీటరు పెట్రోలు అవసరం. దాని ధర సుమారు రూ.103. మిగిలిన దానికి రెండింతలకు పైగా దారిలోనే ఖర్చవుతుంది.

లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారులో 30 లీటర్లు నింపితే రూ.180 మిగులుతుంది. రానుపోను 26 కిలోమీటర్లు దాటితే ఆ మొత్తం కరిగిపోతుంది. కనుక బంకు పదమూడు కిలోమీటర్ల లోపు ఉన్నవారికి తప్ప, ప్రత్యేకించి వెళ్లడం వలన ప్రయోజనం లేదు. నింపే లీటర్లను ధరలోని తేడాతో గుణిస్తే వచ్చేది లాభం. అదనంగా తిరిగే దూరాన్ని మైలేజీతో భాగించి ధరతో గుణిస్తే వచ్చేది ఖర్చు. ఈ రెండింటినీ పోల్చుకుంటే సరిపోతుంది.

అసలు పొదుపు ఎక్కడ?

పని మీద ఎటూ సరిహద్దు దాటేవారి లెక్క వేరు. రోజుకు 50 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే కార్మికునికి 25 లీటర్ల పెట్రోలు అవసరం. అదంతా అవతలి వైపు నింపుకున్నా నెలకు మిగిలేది సుమారు రూ.150. ఆ 25 లీటర్ల ఖరీదు మాత్రం రూ.2,575. అదే ఫ్యాక్టరీకి వెళ్లే ఇద్దరు ఒకే వాహనంపై వెళ్లి ఖర్చు పంచుకుంటే ఒక్కొక్కరికి రూ.1,287 మిగులుతుంది. ఇది ధరల తేడా వలన వచ్చే పొదుపుకు ఎనిమిదింతలకు పైగా ఉన్నది.

మైలేజీ పది శాతం మెరుగుపడినా నెలకు సుమారు 2.27 లీటర్లు, అనగా సుమారు రూ.234 ఆదా అవుతుంది. టైర్లలో తగినంత గాలి ఉంచడం, ఎయిర్ ఫిల్టరును సకాలంలో శుభ్రపరచడం, క్లచ్‌పై చేతిని నిరంతరం ఉంచకపోవడం, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల నిలకడైన వేగంతో నడపడం పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం (పి.సి.ఆర్.ఎ.) ఏళ్లుగా ఇస్తున్న సూచనలు.

బెంగుళూరు వైపు వెళ్లేవారికి హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక స్టేషన్లను కలిపే రైలు మార్గం ఉన్నది. 150 కిలోమీటర్ల వరకు నెలవారీ సీజన్ టికెట్ లభిస్తుంది. సూపర్‌ఫాస్ట్ రైళ్లలో అదనపు రుసుము వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీ శక్తి పథకం కింద మహిళలు నిర్దేశిత ఆర్టీసీ బస్సులలో రాష్ట్రంలోపల ఉచితంగా ప్రయాణించవచ్చు. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు కాబట్టి సరిహద్దు వరకు ఈ సౌకర్యాన్ని వినియోగించుకుని, అక్కడి నుంచి టికెట్ తీసుకోవలసి ఉంటుంది.

క్యాన్లలో రవాణా ప్రమాదకరం

వాహనపు ట్యాంకులో ఉన్న ఇంధనంతో సరిహద్దు దాటడానికి లైసెన్సు అవసరం లేదు. అయితే అవతల నుంచి ప్లాస్టిక్ క్యాన్లలో పెట్రోలు తెచ్చి గ్రామాలలో విడిగా అమ్మడం పెట్రోలియం చట్టం, 1934కు విరుద్ధం. అమ్మకం కొరకు కాని పెట్రోలుకు 30 లీటర్ల వరకే లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్నది. అదీ బిగుతుగా మూత గల గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలలో నిల్వ చేసినప్పుడే. వేసవిలో పూరి గుడిసెలో ఉంచిన ఒక్క క్యాను ఇంటిల్లిపాది ప్రాణాలకు ముప్పు తేగలదు. పది లీటర్లపై మిగిలే అరవై రూపాయల కొరకు అంతటి ప్రమాదాన్ని కొనితెచ్చుకోరాదు.

రాష్ట్ర రాబడి కోణం

ఈ అంశానికి మరో పార్శ్వం కూడా ఉన్నది. ఇక్కడ అమ్ముడయ్యే ప్రతి లీటరు డీజిల్‌పై రాష్ట్రానికి రూ.20కి పైగా పన్ను సమకూరుతుంది. మూడు వందల లీటర్లు నింపుకునే లారీ యజమానికి అవతల సుమారు రూ.1,900 మిగిలితే, రాష్ట్రానికి రూ.6,000కు పైగా రాబడి తగ్గుతుంది. దారిలోనే సరిహద్దు దాటే లారీకి అదనపు దూరం కూడా ఉండదు. కావున ధరల తేడా ప్రభావం ద్విచక్ర వాహనదారుల కంటె రవాణా వాహనాల కొనుగోళ్లలోనే అధికంగా ఉంటుంది. సరిహద్దు మండలాల అమ్మకాలను పరిశీలించే అధికారులు, పాత్రికేయులు ఈ రెండు వర్గాలను వేరువేరుగా చూడడం అవసరం.

కరవు సీమ కార్మికునికి సరిహద్దు అవతలి బంకు ఇచ్చే ఊరట నెలకు నూట యాభై రూపాయలు. తోటి కార్మికునితో పంచుకున్న ప్రయాణం, సీజన్ టికెట్, సక్రమంగా ఉంచుకున్న వాహనం ఇచ్చే పొదుపు అంతకు అనేక రెట్లు. పైగా అది ఏ పన్ను మార్పుతోనూ తరిగిపోనిది.