గర్భధారణ సమయంలో వ్యాయామం

గర్భం ధరించిన స్త్రీ తన ఆరోగ్యం కోసం, ప్రసవానికి శరీరాన్ని సిద్ధం చేసుకోవడం కోసం చేసే నడక, ఈత, ఆసనాలు వంటి మితమైన కదలికలను గర్భధారణ సమయంలో వ్యాయామం అంటారు. చిక్కులు లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అయితే గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప పండించే పల్లెల్లో ఒకే వీధిలో రెండు రకాల గర్భిణులు కనిపిస్తారు. ఒకరు రోజంతా పొలంలో వంగి పని చేసేవారు, మరొకరు కదిలితే ప్రమాదమని ఇంట్లోనే కూర్చునేవారు. ఇద్దరికీ ఒకే సలహా సరిపోదు.

శరీరంలో మార్పులు

గర్భిణిలో రక్త పరిమాణం దాదాపు 40 నుండి 50 శాతం పెరుగుతుంది. రిలాక్సిన్ అనే హార్మోను ప్రభావంతో కీళ్ళ బంధనాలు వదులవుతాయి. పొట్ట పెరిగేకొద్దీ శరీర గరిమనాభి ముందుకు జరుగుతుంది. అందువల్ల పొలం గట్ల మీద, తడి నేల మీద తూలిపడే అవకాశం ఎక్కువ. ఐదవ నెల తరువాత ఎక్కువసేపు వెల్లకిలా పడుకొంటే గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరపై గర్భాశయపు బరువు పడి కళ్ళు తిరగవచ్చు.

పొలం పని వ్యాయామం కాదు

"కష్టం చేస్తే కానుపు సులువు" అనే మాట పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. వ్యాయామంలో వేగం, విరామం చేసేవారి ఇష్టం. కూలి పనిలో అవి వారి చేతిలో ఉండవు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట విశ్రాంతి అంటే కూలి తగ్గడమే. పత్తి తీసే స్త్రీలు నడుముకు ఒడి కట్టుకొని, అది నిండేవరకు మోస్తూ తిరుగుతారు. మిరప కోతలో గంటల తరబడి నడుము వంచాలి. తొడిమలు తీసే పనిలో కదలకుండా కూర్చోవడంతో పాటు ఘాటుకు దగ్గు, తుమ్ములు తప్పవు.

పుణె సమీప గ్రామాలలో జరిపి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భం తొలి, మధ్య దశలలో ఎక్కువ శ్రమ చేసిన స్త్రీల శిశువుల సగటు బరువు తక్కువగా ఉన్నట్లు తేలింది. ప్రసవానికి ముందు కొంత కాలం కఠినమైన పని చేయించరాదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది కాని, చిన్న కమతాలలో పని చేసే దినకూలీలకు ఆ రక్షణ అందదు.

కాబట్టి పొలానికి వెళ్ళే గర్భిణికి అదనపు వ్యాయామం కన్న విశ్రాంతి ముఖ్యం. గంటకొకసారి నడుము నిటారుగా చేసి నిలవడం, ఎడమ పక్కకు తిరిగి కాసేపు పడుకోవడం మేలు. మిరప టిక్కీలు, నిండు బిందెలు ఎత్తరాదు. పురుగు మందు కొట్టిన చేలోకి వెళ్ళరాదు, మందు కలపరాదు.

ఇంటి పట్టున ఉండేవారికి

రోజుకు 20 నుండి 30 నిమిషాల నడక అన్నిటికన్న సులభం. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లే. మాట తెగుతుంటే తగ్గించాలి. ఇటువంటి వ్యాయామం గర్భకాలపు మధుమేహం, రక్తపోటు ముప్పును తగ్గిస్తుంది. కటి కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాన్ని (1948లో దీనిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరు మీద ఏర్పడింది) కూర్చునే చేయవచ్చు.

రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. వేసవిలో తెల్లవారుజామున గాని, పొద్దు గుంకిన తరువాత గాని నడవాలి; మజ్జిగ, నీరు తరచుగా త్రాగాలి. ముఖ్యంగా తొలి నెలలలో శరీర ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటడం శిశువు వెన్ను, మెదడు ఎదుగుదలకు మంచిది కాదు.

ఎవరు చేయరాదు, ఎప్పుడు ఆపాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపు ఉన్నవారు, మాయ క్రిందికి ఉన్నవారు, గర్భవాతపు లక్షణాలతో రక్తపోటు పెరిగినవారు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినవారు వైద్యులు చెప్పనిదే వ్యాయామం మొదలు పెట్టరాదు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. అక్కడ ఈ విషయం అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, విడవకుండా పొట్ట బిగుసుకోవడం, ఛాతీ నొప్పి, తీవ్రమైన తలనొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, బిడ్డ కదలికలు తగ్గడం - వీటిలో ఏది కనిపించినా, వ్యాయామమైనా పొలం పనైనా వెంటనే ఆపి 108కి ఫోను చేయాలి.