నౌబాదు సొరంగమున నీటి కొలత

ఒక ఊరు ఆపదను ఎంతవరకు తాళగలదో, తాళిన పిమ్మట ఎంత త్వరగా తేరుకొనగలదో అంకెలలో నిరూపింపవలెనను ప్రయత్నము నేడు లోకమంతట సాగుచున్నది. 2015లో జపానునందలి సెండాయి నగరమున దేశములు చేసికొనిన ఒప్పందమునకు 38 సూచికలు ఏర్పడినవి. అందు పెక్కు చచ్చినవారిని, కూలిన యిండ్లను, నష్టపోయిన ధనమును లెక్కించునవే. ఈ లెక్క అక్కఱకు రాదనను గాని, బ్రతికియున్న ఊరి సత్తువ దీనివలన తెలియుననుట నాకు నమ్మశక్యము కాకున్నది.

ఇందుకు ఒక ఉదాహరణము. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున మన తెలంగాణముతో కలసియుండిన బీదరు జిల్లాకు పొరుగుననే లాతూరు సీమ యున్నది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అచ్చట కిల్లారి పరిసరమున భూమి కంపించి, బండరాతి గోడలును బరువైన మట్టిమిద్దెలును నిద్రితులపై కూలగా, సుమారు పదివేలమంది మరణించిరి. నాటి భూకంప పటమున ఆ ప్రాంతము కనిష్ఠ ప్రమాద మండలము! ఆ లాతూరునకే 2016 ఏప్రిలులో కరవుచే మిరజ్ నుండి రైలుపై త్రాగునీరు తేవలసి వచ్చెను.

ఇక నీటి విషయమున బీదరును చూతము. దాని పీఠభూమి పైభాగము చిల్లులు గల ఎఱ్ఱని లేటరైటు రాయి. దాని క్రింద నల్లరాయి. వాననీరు ఎఱ్ఱరాతిగుండ ఇంకి, నల్లరాతిని దాటలేక ప్రక్కలకు ఊరును. నానక్ ఝీరా ఊటయు నరసింహ ఝరణీ గుహలోని నీరును దీని వరమే. పదునైదవ శతాబ్దిలో రాజధానిని గుల్బర్గానుండి యిచ్చటికి మార్చిన బహమనీలు ఈ మర్మము నెఱిగి, పారశీక పద్ధతిని బీదరు చెంతనున్న నౌబాదువద్ద రెండు కిలోమీటర్లకు పైబడిన భూగర్భ కాలువను తొలిపించిరి. అదియే కరేజు, జనులు సురంగబావి యందురు. నేలమట్టమునుండి వరుసగా దిగిన కూపములు దానికి గాలి, వెలుతురు నిచ్చును. కొద్దిపాటి వాలుననే నీరు మోట లేక, యంత్రము లేక నడచును. కాని ఒక్క కూపమున మన్నును చెత్తయు పడి పూడినచో దిగువకు ధార నిలిచిపోవును.

అట్లే పూడి మఱవబడిన దానిని కేరళకు చెందిన భూగోళశాస్త్రజ్ఞుడు గోవిందన్‌కుట్టి పరిశీలించి వెలికి తెచ్చెను. 2014 ప్రపంచ స్మారక నిధి జాబితాలో బీదరు నగరము చేరెను. పిమ్మట జిల్లా యంత్రాంగము పూడిక తీయించెను. పూడిక తీయించుట ఒకనాటి ఉత్సాహము. ఏటేట తీయుచుండుట ఊరి స్వభావము. కొళాయి ఆగిన నాడు ఏ వీధివారు ఏ బావికి పోవలెనో, ఆ బావి మూతిని చెత్తనుండి కాచువారెవ్వరో చెప్పగలుగుటయే నా దృష్టిలో అసలైన కొలత.

2005 విపత్తు నిర్వహణ చట్టము జిల్లా ప్రణాళికను ప్రతి సంవత్సరము సమీక్షింపవలెనని శాసించుచున్నది. బీదరు అధికారులు అందు మఱియొక పట్టికను చేర్చి, తొలకరికి ముందు నౌబాదులోని ప్రతి కూపమున పూడిక ఎంత, నీరెంత, తీయించు బాధ్యత ఎవ్వరిది అను మూడు సంగతులను వ్రాయించి, ఆ ప్రతిని వార్డు కార్యాలయముల గోడలకు అంటింపవలెనని నా మనవి.