ఎర్ర వయొలిన్‌కు శాపం ఉందా?

మన హాస్టల్లో మేడమీది చివరి గదిలో దయ్యం ఉందని సీనియర్లు చెప్పేవారు, గుర్తుందా? ఎనిమిదో తరగతిలో చోటు చాలక నన్ను అందులోనే పడుకోమన్నారు. దయ్యం రాలేదు గానీ, కిటికీకి రెక్క లేక రాత్రంతా చలి కొట్టేది. దగ్గు పట్టుకుంటే "ఆ గది మంచిది కాదని చెప్పామా లేదా" అన్నారు.

పీజీలో చేరాక ‘ది రెడ్ వయొలిన్’ సినిమా చూస్తుంటే ఆ గదే గుర్తొచ్చింది. 1998లో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు ఫ్రాన్స్వా జిరార్. 1681లో ఇటలీలోని క్రెమోనాలో బుస్సొట్టి అనే పనివాడు పుట్టబోయే బిడ్డ కోసం వయొలిన్ చేస్తాడు. కాన్పులో తల్లీబిడ్డా పోతారు. అతడు భార్య నెత్తురును వార్నిష్‌లో కలిపి దానికి పూస్తాడు. (చివర్లో తెలిసే రహస్యం ముందే చెప్పేశాను, క్షమించండి.) అక్కడి నుంచి మూడు వందల ఏళ్ళు అది ఎవరి చేతికి వెళ్ళినా వారికి కష్టమే.

నెత్తురు కథ కల్పన. అదే క్రెమోనాలో స్ట్రాడివారి చేసిన ఐదు వాద్యాల పూతను పారిస్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2009లో ఫలితాలు వెల్లడించారు. తేలింది నూనె, పైన్ చెట్టు జిగురు. ఎరుపు కోసం కొన్నిటిలో ఇంగిలీకం, కొచినీల్ పురుగుల రంగు లాంటివి కలిపారు.

మరి కష్టాల మాట? నన్ను ఏడిపించింది కాస్పర్. ఆల్ప్స్ కొండల్లో సన్యాసుల మఠంలో పెరిగిన అనాథ. మనలాగే పదిమందిలో ఒకడు. ఆ వయొలిన్‌ను పక్కలో పెట్టుకుని పడుకుంటాడు. 1793లో ఒక గురువు అతణ్ణి వియన్నా తీసుకెళ్ళి, తాళయంత్రం వేగం రోజురోజుకీ పెంచుతూ వాయింపిస్తాడు. వాడి గుండె బలహీనం. ఒక ప్రభువు ఎదుట వాయించబోతూనే కుప్పకూలిపోతాడు. ఆ గురువు చెడ్డవాడు కాదు, పేదవాడు. పిల్లవాడు నెగ్గితేనే తన ఇల్లు గడుస్తుంది. ఇందులో వయొలిన్ చేసిన పాపమేమిటో నాకు అర్థం కాలేదు.

షాంఘై ఘట్టంలోనూ అంతే. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పాశ్చాత్య వాద్యాలను తగలబెడుతుంటే, ఒక ముసలి సంగీతం మాస్టారు దాన్ని ప్రాణానికి తెగించి దాస్తాడు.

పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ గదికి వెళ్ళాను. ఇప్పుడు అందులో ఆరో తరగతి పిల్లలున్నారు. దయ్యం కథ వాళ్ళకీ తెలుసు. కిటికీకి రెక్క ఇంకా లేదు, అట్టముక్క అడ్డం పెట్టుకున్నారు.