మంచు కింద దాగిన కలుపు

షికాగో, టొరంటో వంటి శీతల నగరాలలో స్థిరపడిన మన కుటుంబాలు అనేకం ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి నేలలో వేసవికాలమంతా గోంగూర, పుదీనా, మిరప పెంచుకుంటాయి. అక్టోబరు చివరికి మంచు పడి తోట ముగుస్తుంది. ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే మడులన్నీ పచ్చగా ఉంటాయి. వసంతం రాగానే కలుపు మొలిచిందని అందరూ అనుకుంటారు. వాస్తవానికి అది మొలిచింది గడచిన సెప్టెంబరులోనే. నేల చల్లబడగానే మొలకెత్తి, నాలుగైదు ఆకులతో నేలకు అతుక్కుని, మంచునే దుప్పటిగా కప్పుకుని చలికాలం గడిపింది. మంచు తొలగగానే పూసి, విత్తనాలు రాల్చి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. అందువల్ల మే నెలలో దానితో పోరాడేవారు, వెళ్లిపోతున్న దొంగను తరుముతున్నవారే. సొత్తు అప్పటికే నేలలో చేరిపోయింది.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. చిక్‌వీడ్ నేలపై చాపలా పరుచుకుంటుంది. దాని కాడపై ఒకే వరుసలో సన్నని నూగు ఉంటుంది, ప్రతి కణుపు వద్ద ఆ వరుస పక్క మారుతుంది. చిన్న తెల్లని పువ్వుకు పది రేకులున్నట్లు కనిపిస్తుంది. నిజానికి ఉన్నవి ఐదే, ఒక్కొక్కటి నిలువునా చీలి ఉంటుంది. ఇంత చిన్న పువ్వులో సృష్టికర్త ఉంచిన ఈ నేర్పును పిల్లలకు భూతద్దంతో చూపించదగును. హెన్‌బిట్ కాడ నలుపలకలుగా ఉండి, పైఆకులు తొడిమ లేకుండా కాడను చుట్టుకుంటాయి. హెయిరీ బిట్టర్‌క్రెస్ కాయలు పండాక తాకితే చాలు, పేలి విత్తనాలను దూరంగా విసురుతాయి.

మేము ముఖ్యంగా హెచ్చరించదలచినది గ్రౌండ్‌సెల్ గురించి. రేకులు విప్పని చిన్న పసుపుపచ్చ పూలు, వాటి అడుగున నల్లని మొనలు, తరువాత తెల్లని దూది వంటి విత్తనాలు దీని ఆనవాళ్లు. ఇందులో కాలేయానికి హాని చేసే విషపదార్థాలున్నాయి. పిల్లల వద్దకు వెళ్లిన అమ్మమ్మలు, నాయనమ్మలు పెరటిలో లేత ఆకు కనిపిస్తే కూరకు కోయడం మన అలవాటే. మన చేలలో శీతాకాలపు పంటలో మొలిచే పప్పుకూర అక్కడా ఉంది, అయితే అక్కడ అది చలికి కాదు, వసంతంలో మొలిచి వేసవిలో పెరుగుతుంది. కనుక మంచు కరిగిన వెంటనే కనిపించిన ఆకును ఇక్కడి జ్ఞాపకంతో పోల్చుకుని కోయరాదు. సందేహాస్పదమైన దానిని విడిచి సందేహం లేనిదానిని ఎంచుకోమన్న దైవప్రవక్త (స) బోధ వంటగదికీ వర్తిస్తుంది.

నివారణకు తగిన కాలం ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు. పంట తీసిన మడిని ఖాళీగా వదలకూడదు. రాలిన ఆకులనో, గడ్డినో రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే వెలుతురు అందక విత్తనాలు మొలవవు. లేదా సెప్టెంబరులో రై ధాన్యం చల్లితే అదే నేలను కప్పుతుంది. అప్పటికే మొలిచినవాటిని ఖుర్పీతో పైపైన గీరితే చాలు. లోతుగా తవ్వితే అడుగున నిద్రిస్తున్న పాత విత్తనాలు పైకి వస్తాయి. కలుపు విత్తనం మొలవకుండా ఆపే మందులు మొలకకు ముందే చల్లవలసినవి. వసంతంలో పచ్చదనం చూసి కొనేవారు డబ్బు పారవేసుకుంటున్నట్లే. పసిపిల్లలు పాకే పెరటిలో, కూరగాయల మడిలో మందు కంటే చేతిపనే మేలని మా అభిప్రాయం.

పొరుగువారి హక్కు కూడా ఇందులో ఉంది. దూదివిత్తనానికి కంచె అడ్డు కాదు. పూసిన గ్రౌండ్‌సెల్‌ను పీకి గట్టున పడవేస్తే పీకిన మొక్కపైనే విత్తనం ముదురుతుంది. కనుక దానిని సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వాలి, ఎరువుకుప్పలో వేయరాదు. నర్సరీ నుండి తెచ్చిన కుండీలలో బిట్టర్‌క్రెస్ తరచుగా దాగి వస్తుంది. నాటే ముందు కుండీ పైమట్టిని ఒక అంగుళం గీరి తీసివేయడం మంచిది.